చాచా గొంతు వినపడేదాకా

మా వెనకింటి చాచా పోయి నలభై రోజులు దాటింది. ఆయన పోయిన రోజు తెల్లవారి నేను దొడ్లో దేవునికి నందివర్ధనాలు కోస్తుంటే మధ్యగోడకున్న చిన్న తలుపు చప్పుడైంది. తీస్తే చాచీ. తల మీద దుపట్టా లేదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు. ఆమెను అలా ఎన్నడూ చూడలేదు.

"బేటీ, మీ చాచా లేస్తలేడు. నేను పిలిస్తె పలుకుతలేడు. నువ్వు జర వచ్చి పిలువు" అంది.

పోయి పిలిచాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఎడమకాలు ముడుచుకుని ఉంది. కుడికాలు ఎప్పటిలాగే మంచం అంచు దాటి చాచి ఉంది. అది మోకాలి దగ్గర మడతపడక పదిహేనేళ్ళయింది. రెండుసార్లు పిలిచి, మూడోసారి చెయ్యి ముట్టుకున్నాను. ఆ చల్లదనం ఇంకా నా వేళ్ళకు ఉంది.

ఆ కాలు అలా కావడానికి కారణం నేను. ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలిసినవాళ్ళం ఐదుగురం. మా వారు పోయి మూడేళ్ళు. మా అత్తమ్మ, మా బండి తోలే మల్లయ్య అంతకు ముందే పోయారు. ఇప్పుడు చాచా. మిగిలింది నేను. ఈ మాట నా నోటితో ఇక ఎవరికీ చెప్పకూడని పరిస్థితి కూడా వచ్చింది, అదెలాగో చివర్లో రాస్తాను. కానీ లోపల పెట్టుకుని ఉండలేకపోతున్నాను. పూజలో కూర్చుంటే మంత్రం మధ్యలో ఆగిపోతున్నది. అన్నం దిగడం లేదు. అందుకే కలం పట్టుకున్నాను. హైస్కూలు వరకు చదివిన చదువు ఉత్తరాలకు తప్ప దేనికీ వాడలేదు. ఎక్కడైనా తడబడితే చదివేవాళ్ళు మన్నించాలి.

చాచా దర్జీ. బజారులో నాలుగు మెట్లెక్కి పోయే చిన్న దుకాణం. మా ఇంటిల్లిపాదికీ బట్టలు ఆయనే కుట్టేవారు. గుడ్డ మిషను కింద పెట్టే ముందు ఒట్టి మిషనును రెండుసార్లు తొక్కి చెవి పెట్టి వినేవారు. గుర్తులు పెట్టే సుద్దముక్క ఎప్పుడూ కుడిచెవి మీదే. దాన్ని అక్కడ పెట్టుకుని దుకాణమంతా వెతుకుతుంటే చాచీ నవ్వి నవ్వి కూలబడేది. ఒకసారి నా సూది పోయి నేను ఇల్లంతా ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి చెప్పారు. "సూది పోతె ఊడ్వద్దు బిడ్డా. ఊడిస్తె ఇంకింత దూరం పోతది. ఒక్కతాన కూసొని, చెయ్యి నేల మీద పెట్టి, నిమ్మలంగ చూడు." అలాగే చేశాను. దొరికింది.

శనివారం నాకు ఒక్కపొద్దు. వాళ్ళ వంటిల్లు మా దేవుని అర్రకు ఆనుకునే ఉంటుంది. శుక్రవారం మాంసం తెచ్చుకుంటే ఆ పూటకే వండుకుని, శనివారం మిగిలినదాన్ని కూడా పొయ్యి మీద పెట్టేవాళ్ళు కాదు. ఎప్పుడైనా చుట్టాలొచ్చి తప్పకపోతే పొయ్యిని వాకిట్లోకి మార్చి చాచా గోడ దగ్గరకు వచ్చేవారు. "బిడ్డా, ఇయ్యాల పొయ్యి అటు పెట్టినం. నీ కిటికీ తెరుచుకో, పరేషాన్ కాకు." ఆయన్ని అలా ఉండమని ఎవరూ అడగలేదు.

ఇక వేట సంగతి రాయాలి.

హవేలిఘనపూర్ దాటినాక అడవి అంచున మాకు జొన్న చేను ఉండేది. జొన్న పాలు పోసుకునే రోజుల్లో దుప్పులు వచ్చి మేసేవి. అప్పట్లో లైసెన్సు ఉంటే వేటాడనిచ్చేవారు. ఇప్పుడు బందు చేశారు, మంచిదే అయింది. మా మామగారి కాలం నుంచీ ఏడాదికొకసారి ఇంట్లో వాళ్ళమంతా బండి కట్టుకుని పోయి, చేని దగ్గర గుడిసెలో రెండు రోజులు ఉండి, ఒక్క దుప్పిని కొట్టుకుని రావడం ఆనవాయితీ. రెండోది ఎదురుగా వచ్చి నిలబడినా కొట్టేవారు కాదు.

ఆ వేటలో తుపాకి మా ఇంటిది, కత్తి చాచా ఇంటిది. మాంసం రెండిళ్ళకూ సగం సగం. చాచా ఇంట్లో తినడానికి వీల్లేని మాంసం మా ఇంటికీ రావద్దని మా మామగారు పెట్టిన కట్టుబాటు. వాళ్ళు తినాలంటే జంతువులో ప్రాణం ఉండగానే దేవుని పేరు తలిచి గొంతు మీద కత్తి పెట్టాలి. గుండు తగిలి అదే చచ్చిపోతే వాళ్ళకు పనికిరాదు. అందుకని తుపాకి పేలిందో లేదో చాచా కత్తి పట్టుకుని పరుగెత్తేవారు. ఆయనకు ముందు వాళ్ళ నాన్న పరుగెత్తేవారట. చాచా పరుగు గురించి మెదక్‌లో చెప్పుకునేవారు. ఏ ఇంటివాళ్ళు వేటకు పోయినా ముందు ఆయన దుకాణం మెట్లెక్కి అడిగేవారు. ఆయన కత్తి పట్టిన జంతువు ఒక్కటి కూడా పాడు కాలేదని పేరు.

దీనికి ఒక నియమం ఉంది. ఒకసారి తుపాకి పేలిన తర్వాత మళ్ళీ చాచా గొంతు వినపడేదాకా ఎవరూ తుపాకి ఎత్తకూడదు, అడుగు కదపకూడదు. పొదల్లో మనిషి పరుగెత్తుతున్నాడు కదా. ఆయన పని ముగించి లేచి నిలబడి "రాండ్రి పటేలా" అని కేక వేసేవారు. ఆ కేక తర్వాతే వేట అయిపోయినట్టు.

నేను మాంసం ముట్టను. పెద్దవాళ్ళకు వండి పెట్టడానికి పోయేదాన్ని. కానీ నా గురించి ఒక సంగతి ఉంది. నా పుట్టింట్లో మా నాన్న నాకు తుపాకి పట్టడం నేర్పారు. గోడ మీద పాత కుండలు వరుసగా పెట్టి కొట్టించేవారు. పదింటిలో తొమ్మిది పగిలేవి. పెళ్ళయ్యాక ఆ మాట మా వారికి ఒక్కరికే చెప్పాను.

ఆ ఏడు బండిలో పోతున్నప్పుడు దారంతా మా అత్తమ్మకూ చాచాకూ ఒకటే వాదన.

"ఓ దర్జీ, పోయినేడు నువ్వు కుట్టిన రైక సంకల కాడ పట్టేసింది. దుప్పెనుక ఉర్కినంత జోరుగ కుట్టినవా ఏంది?"

"రైక గట్లనే ఉన్నది పటేలమ్మా. మీరే యాడాదిల జర పెరిగిండ్రు."

"నీ నోరు కుట్టెటోడు మెదక్‌ల లేకపాయె" అని అత్తమ్మ నవ్వింది. ఎడ్లు తోలుతున్న మల్లయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాత మా ఇంట్లో అందరం కలిసి అలా నవ్వింది నాకు గుర్తు లేదు.

మరునాడు మంచు ఇంకా విడవకముందే మా వారు, చాచా బయల్దేరుతుంటే నేను పొయ్యి రాజేస్తున్నాను. మా వారు నవ్వుతూ అన్నారు. "నువ్వు గూడ రారాదు. రెండో తుపాకి పట్టుకొని నా పక్కన కూసో. ఊకె పట్టుకో, గంతే."

అత్తమ్మ ఏమంటుందో అని చూశాను. దుప్పట్లోంచి "పోనీ, చూసి రా" అంది.

చాచా నావైపు తిరిగి, "వస్తే రా బిడ్డా. గని నా గొంతు ఇనపడ్డంకనే లేవాలె. యాదికుంచుకో" అన్నారు.

"సరే చాచా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఎండిన వాగు పక్కన ఒక పెద్ద బండ ఉంది. దాని వెనక మా వారు, రెండో తుపాకి ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాం. చాచా మాకు ఎడమవైపు, ఇరవై అడుగుల దూరంలో. పాత ఖాకీ కోటు వేసుకున్నారు, చలి కదా. చాలాసేపటికి దుప్పి వచ్చింది. కొమ్ములున్న మగది. మా వారు కొట్టారు. అది కూలిపోయింది. చాచా లేచి పరుగెత్తారు. యాభై ఏళ్ళ మనిషి, కాలు నేలకు ఆనుతున్నట్టే లేదు. వాగులోకి దిగి కనపడకుండా పోయారు.

అప్పుడు దుప్పి లేచింది. తూలుకుంటూ కుడివైపు పొదల్లోకి పోయింది.

"లేసింది, లేసింది, పోతున్నది" అన్నారు మా వారు. ఆయన చేతిలోది ఒక్క గుండు తుపాకి, అది ఖాళీ.

కొట్టమని ఆయన అనలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆయన, "నేనే కొట్టమన్ననేమో" అని తప్పు తనమీద వేసుకోబోయారు. అనలేదు. నేనే లేచి నిలబడ్డాను. పొద కదిలింది. ఎండిన గడ్డి వెనక దుప్పి రంగు కనపడింది. గాయపడ్డది ఎక్కడో పోయి నొప్పితో చస్తుందని జాలి కలిగింది, అది నిజం. కానీ జాలి ఒక్కటే కాదు. తుపాకి భుజానికి ఆనగానే నా చెయ్యి ఇంకా ఏమీ మరిచిపోలేదని తెలిసి నాకు సంతోషం కలిగింది. దేవుని ముందు ఎన్నిసార్లు కూర్చున్నా నేను క్షమించమని అడగలేకపోయింది ఆ సంతోషాన్నే. మీట నొక్కాను.

పొదలోంచి చాచా గొంతు వినపడింది. "యా అల్లా" అని.

దుప్పిని మలుపు దగ్గర ఆపుదామని ఆయన వాగు వెంబడి చుట్టు తిరిగి వచ్చారు. ఖాకీ కోటు, ఎండుగడ్డి, దుప్పి ఒళ్ళు, అన్నీ ఒకే రంగు. నా తుపాకిలోని సన్న గుండ్లన్నీ కుడి మోకాలి నుంచి తొడ దాకా దిగాయి. మేం పోయేసరికి కూర్చుని కాలిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. కత్తి పక్కన పడి ఉంది, దాని మీద నెత్తురు చుక్క లేదు. నేను తుపాకి చేతిలో పట్టుకునే పరుగెత్తానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన నా మొహం వైపు చూడలేదు, నా చేతివైపు చూశారు. "బిడ్డా, తుపాకి పటేల్‌కి ఇయ్యి. నీ చేతుల ఉండొద్దు" అన్నారు. ఆయన అన్న మొదటి మాట అది.

అక్కడి నుంచి మెదక్ అయిదు కోసులు. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. మా అత్తమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నా చీర చింపి కట్టుకట్టి, దాని మీద నా రెండు అరచేతులు పెట్టి నొక్కి కూర్చున్నాను. గుడ్డ తడిసిపోతే మరో ముక్క చింపేదాన్ని. అది తడవడానికి ఎంతసేపు పడుతున్నదో చూసుకుంటూ ఉన్నాను. మొదట్లో వెంటనే తడిసేది. తర్వాత కొంచెం ఆలస్యంగా తడిసింది. నెత్తురు ఆగుతున్నందుకా, అయిపోతున్నందుకా నాకు తెలియలేదు. ఎన్నడూ ఎడ్ల మీద చెయ్యెత్తని మల్లయ్య ఆ రోజు వాటిని కొడుతూ, కొడుతూ ఏడుస్తూ తోలాడు. రాయి తగిలినప్పుడల్లా చాచా పళ్ళు బిగపట్టి ఊపిరి వదిలేవారు. ఒక్కసారి కూడా అరవలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

"నీళ్ళు" అన్నారు కొంతసేపటికి.

"గాయమైనోనికి నీళ్ళు ఇయ్యొద్దంటరు తమ్మీ. జర ఓర్చుకో" అంది అత్తమ్మ.

"సచ్చేటోన్ని దూపకు సంపుతవా పటేలమ్మా."

అత్తమ్మ కొంగు తడిపి ఆయన పెదాలకు అద్దింది. అద్దుతూ ఆమె ఏడ్చింది. అత్తమ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను. చాచా ఏదో దువా చదువుకుంటున్నారు, పెదాలు కదులుతున్నాయి. నేను ఏడుపాయల తల్లికి మొక్కుకున్నాను. ఈ మనిషిని బతికించు, నా కుడిచెయ్యి తీసుకో అని. మళ్ళీ మళ్ళీ అదే. మొక్కు ఎట్లా మొక్కాలో కూడా మరిచిపోయాను.

దారిలో నీళ్ళున్న వాగు ఒకటి దాటాలి. దాటి ఒడ్డెక్కేచోట ఇసుకలో చక్రం దిగబడింది. మా వారు, మల్లయ్య భుజాలు పెట్టి తోశారు. నేను కూడా దిగి తోశాను. నేను చెయ్యి తీసిన చోట నెత్తురు పెల్లుబికింది, మళ్ళీ ఎక్కి పట్టుకున్నాను. బండి కదలలేదు. ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. మల్లయ్య ఇసుకలో కూర్చుండిపోయి, "నాతోని కాదు పటేలా, నాతోని కాదు" అని తల కొట్టుకున్నాడు. మా వారు వాగు వైపు చూస్తూ నిలబడ్డారు. అందరం అయిపోయిందనే అనుకున్నాం.

చాచా కళ్ళు మూసుకునే మాట్లాడారు. "మల్లిగా, గడ్డి పరువు చక్రం కింద."

"గడ్డి యాడిది మామా?"

"నా కిందున్నది తీయి."

ఆయన్ని అటు ఇటు జరిపి ఒంటి కింది గడ్డి లాగి చక్రం ముందు పరిచారు. ఆ గడ్డి ఏ రంగులో ఉందో రాయలేను. దాని మీదుగా బండి ఒడ్డెక్కింది. అక్కడి నుంచి ఆయన ఒట్టి చెక్కల మీదే పడుకుని వచ్చారు.

ఒడ్డెక్కిన తర్వాత మా వారిని దగ్గరికి పిలిచారు.

"పటేలా, ఠాణల ఏం చెప్పాలెనో ఇను. రెండో తుపాకి నా చేతులుండె. ఘోడా ఎత్తి పట్కొని ఉర్కిన. కాలు జారింది. పేలింది." ఘోడా అంటే తుపాకి మీద పైకి లేపి పెట్టే ఇనుప ముక్క. దాన్ని ఎత్తి ఉంచి పరుగెత్తడం కొత్తగా తుపాకి ముట్టినవాడు కూడా చేయని తప్పు.

"నీ చేతుల ఎన్నడన్న తుపాకి ఉండెనా చాచా? ఎవరు నమ్ముతరు? నేనే కొట్టిన అని చెప్త."

"చెప్పు. మాపటికి పటేలు దర్జీని కొట్టిండంటరు. రేపటికి మీవోళ్ళు మావోన్ని కొట్టిండ్రంటరు. గా గడబిడ రోజులు మనం చూడలేదా? అప్పుడు మీ నాయిన మా ఇంటి తలుపు ముంగల నాల్గు రోజులు కుర్చీ ఏసుకొని కూసున్నడు. మా దిక్కు ఒక్కన్ని రానియ్యలేదు. ఇప్పుడు నన్ను కూసోనియ్యి."

మా వారు తల వంచుకున్నారు.

"మరి నేను చాచా?" అన్నాను. ఆ దారి మొత్తంలో నేను మాట్లాడింది అది ఒక్కటే.

"నువ్వు వంట చేయవస్తివి బిడ్డా. వంటనే చేసినవు. ఠాణల ఆడపిల్ల పేరు రాయిస్తరా ఎవరన్న?"

దవాఖానలో ప్రాణం దక్కించారు. మోకాలు దక్కలేదు. మూడోరోజు జమేదారు బయాన్, అంటే వాంగ్మూలం, రాసుకోవడానికి వచ్చాడు. మేం తలుపు దగ్గర నిలబడి ఉన్నాం.

"ముప్పయ్యేండ్ల సంది శికారుకు పోతున్నవు. ఘోడా ఎత్తి పట్కొని ఉర్కినవా?" అని జమేదారు నవ్వాడు.

"అకల్ లేక ఉర్కిన సాబ్. గట్లనే రాసుకోండ్రి."

ఉర్దూలో దస్కతు చేశారు. ఆ కాగితం కింద ఆయన పేరు ఎప్పటిలాగే అందంగా వచ్చింది.

అప్పుడు మొదలైన పేరే బజారులో చివరిదాకా నడిచింది. 'ఉల్టా బందూక్' అని. తుపాకిని తనవైపే తిప్పుకుని కాల్చుకున్నవాడని. కుడికాలు మడతపడదు కనుక తొక్కే మిషను అమ్మేసి చేతితో తిప్పే మిషను కొన్నారు. చాచీ పక్కన కూర్చుని చక్రం తిప్పేది, ఆయన గుడ్డ జరిపేవారు. అంగీలు, పైజామాలు పోయి దిండు గలీబులు, పిల్లల లాగులు మిగిలాయి. ఒకరోజు నేను రైక గుడ్డ ఇవ్వడానికి దుకాణం మెట్ల మీద నిలబడి ఉంటే ఎవరో మనిషి లాగు తెచ్చి, "చాచా, సూదితోని కుట్టు, బందూక్‌తోని కుట్టకు. పిలగాడు కూసునే లాగు" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. చాచా అందరికంటే గట్టిగా నవ్వారు. నేను నోరు తెరిచాను. నవ్వుతూనే ఆయన నావైపు చూసి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఆడించారు. నేను గుడ్డ అక్కడ పెట్టి ఇంటికి వచ్చేశాను.

దానికంటే పెద్ద బాధ ఇంకొకటి. కాలు మానిన ఏడాదికి, ఆఫీసు వాళ్ళు కొందరు జీపులో వేటకు పోతున్నారని తెలిసి ఆయన కత్తి నూరుకున్నారు. పరుగెత్తలేరు కానీ, జీపులో కూర్చుని పోతే చాలు, దగ్గరికి తీసుకుపోతే కత్తి పెట్టగలరు. పొద్దున్నే శుభ్రమైన బట్టలు వేసుకుని దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. జీపు వచ్చింది, ఆగకుండా పోయింది. అందులో కత్తి పట్టుకుని వేరే మనిషి ఉన్నాడు. చాచా చెయ్యెత్తి వాళ్ళకు సలాం చేశారు. బజారు వైపున్న మా కిటికీలోంచి చూశాను. ఆ రోజు ఆయన దుకాణం తెరవలేదు.

చాచీకి అసలు సంగతి తెలియదు. ఆయన తూలినప్పుడల్లా, ఏదైనా కింద పడేసినప్పుడల్లా గోడ అవతల ఆమె గొంతు వినపడేది. "కత్తి పట్టేటోనివి, నీకు బందూక్ ఎందుకుండె? ఎవరు పట్టుకొమ్మన్నరు నిన్ను?" ఆయన నవ్వేవారు. ఇవతల నేను దీపం ముందు కూర్చుని ఆ తిట్లు నావే అనుకుని వినేదాన్ని. ఒకసారి ఓర్చుకోలేక దొడ్డి తలుపు తీసుకుని పోయాను. చాచీ లేదు. "ఇయ్యాల చెప్పేస్త చాచా" అన్నాను. ఆయన దారం ఎక్కిస్తున్న సూది పక్కన పెట్టారు.

"చెప్తె నీ మనసు తేలికయితది బిడ్డా, నాకెరుక. గని గా బరువు ఎవరి మీద దించుతవు? మా ఇంటిదాని మీద దించుతవా? నా కాడనే ఉండనియ్యి. నాకు అలవాటైంది."

నేను తిరిగి వచ్చేశాను. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యే నాటికి ఆయన లేరు.

ఆయన పోయిన తర్వాత చాచీ గడువులో ఉంది. నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె పోతూ పోతూ, గడప దగ్గర ఇంకొకామెతో "పాపం, మంచోడే. గని తన తుపాకి తనకే పేల్చుకునె" అని నవ్వు ఆపుకుంది. చాచీ విన్నది. తల దించుకుంది. చచ్చిపోయిన భర్త గురించి సిగ్గుపడుతూ కూర్చున్న ఆమెను చూసి నాలో ఏదో తెగిపోయింది. మరునాడు మధ్యాహ్నం పోయాను.

చాచీ ఒక్కతే కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నది. ఎదురుగా కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నానో, అదేమీ గుర్తు రాలేదు.

"చాచీ, గా తుపాకి చాచా చేతుల లేకుండె. నా చేతులుండె. నేనే కొట్టిన."

ఆమె చేతులు ఆగిపోయాయి. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆమె నేల మీద కొంత జాగా అరచేత్తో ఊడ్చింది. గింజలు నాలుగు నా ముందుకు తోసింది.

"చూపెట్టు" అంది. "మీరు యాడున్నరు?"

రెండు గింజలు పక్కపక్కన పెట్టాను. వేలితో నేల మీద వాగు గీశాను. దుప్పి పడిన చోట ఒకటి పెట్టాను. నాలుగోది చాచా. దాన్ని వాగు వెంబడి నెమ్మదిగా జరుపుకుంటూ మలుపు దాకా తెచ్చి, మా గింజలకు సూటిగా ఎదురుగా ఆపాను.

"ఇటెందుకొచ్చిండు? సీదా పోవచ్చు గద."

"సీదా పోతె అందదు చాచీ. మలుపు కాడ ఆపాలని వచ్చిండు. పాణముండంగనే చేరాలని."

"మీకైతె ఎట్లైన నడుస్తది" అంది ఆమె. కాసేపు గింజ వైపే చూసింది. "అంటే మా ఇంటి కోసం వచ్చిండు. నేను తినాలని."

చేతికంటిన చింతపండును రెండో చేత్తో తుడుచుకుంది.

"పదిహేనేండ్లు తిట్టిన బేటీ. అన్నం పెట్టుకుంట తిట్టిన. పోయే ముంగటి మాపు గూడ చేతిలకెళ్ళి గిలాస జారితె, బందూక్ పట్టినట్టే పట్టినవా అన్న. నవ్విండు. ఇప్పుడు ఏడికి పోయి మాఫీ అడగాలె నేను?"

అప్పుడు అర్థమైంది చాచా అన్న మాట. నా బరువు దించుకోవడానికి పోయి దాన్ని ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నా చేతులు తీసి పక్కన పెట్టింది, విసురుగా కాదు.

"ఎవ్వలకు చెప్పకు. నువ్వు చెప్తె ఆయన ఝూటా బయాన్ ఇచ్చినోడైతడు. బజార్ల ఏమన్న అననియ్యి. ఝూటా మనిషి అని మాత్రం అననియ్య. నాకు మాటియ్యి."

ఇచ్చాను. నోటితో చెప్పనని మాటిచ్చి ఇలా రాయడం కూడా తప్పేనేమో. కానీ మా పిల్లలకు, వాళ్ళ తర్వాతి వాళ్ళకు, ఈ ఇల్లు ఎవరి కాలు మీద నిలబడిందో తెలియకుండా పోతే అది ఇంకా పెద్ద తప్పనిపించింది. ఇది చదువుతున్నది ఎవరైనా సరే, మా దేవుని పెట్టె తీసి అడుగున పరిచిన గుడ్డ ఎత్తినవాళ్ళే అయి ఉంటారు. ఈ కాగితాలు చింపకండి. బయటికి తీసి ఎవరికీ చూపకండి, చదివి వినిపించకండి. మడిచి అదే గుడ్డ కింద పెట్టేయండి. బజారులో ఎవరైనా ఆ పేరు పెట్టి నవ్వితే మీరు మాత్రం నవ్వకండి. ఇంతకంటే అడగను.

ఆ మధ్యాహ్నం నేను లేచి గడప దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను. చాచీ గింజలు ఊడ్చేయలేదు. వాటి మీదికి వంగి కూర్చుంది. మా రెండు గింజలకు ఎదురుగా ఉన్న ఆ ఒక్క గింజను వేలికొసతో మెల్లగా పక్కకు జరిపింది. చూసింది. అది చాలదనుకుందేమో, ఇంకొక జానెడు జరిపింది.